రాలేదని రాసుకుంది

చెల్లీ, పూజలో కూర్చున్నా మనసు నిలవడం లేదు. అందుకే ఎన్నడూ లేనిది కలం పట్టాను.

అమ్మాయి ప్రభుత్వ పాలనలో ఎం.ఏ. చివరి ఏడాది చదువుతోంది కదా. ఆఫీసు రమ్మన్నా జనం ఎందుకు వెళ్లరన్నది దాని పరిశోధన. నిన్న ప్రశ్నల కాగితాలతో నా ముందు కూర్చుంది.

"ఇవాళ నువ్వు ప్రజవి, నేను ప్రభుత్వాన్ని."

"అయితే ఎంతసేపు నిలబెడతావే?" అన్నాను. పకపకా నవ్వింది.

"పిలిచినా వెళ్లని రోజుందా? దేవుడి మీద ఒట్టేసి చెప్పు."

ఒట్టు అనేసరికి దాచలేకపోయాను. "ఒకసారి. మీ నాన్న ఆపరేషన్ డబ్బు మంజూరుకి రమ్మన్నారు."

"అసలు పిలుపే రాలేదనుకున్నానే! ఎందుకు వెళ్లలేదు?"

"మరిచిపోయాను."

"నాన్న ఆపరేషన్ మరిచిపోయావా?"

'దరఖాస్తుదారు నిర్లక్ష్యం' అని రాసుకుని లేచిపోయింది. అప్పటినుంచి నన్ను అమ్మా అని పిలవలేదు.

మరిచిపోలేదే చెల్లీ. ఆ రోజే దాని ఎం.ఏ. సీటుకి ఇంటర్వ్యూ. ఇంట్లో పెద్దవాళ్లొకరు వచ్చి సంతకం పెట్టాలన్నారు. "ఆఫీసు ఇంకో తారీఖు ఇస్తుంది, సీటు మళ్లీ రాదు. పిల్లతో వెళ్లు" అని మంచం మీంచి మీ బావగారే నన్ను పంపారు.

ఇంకో తారీఖు ఇచ్చారు. అప్పటికి ఆయన లేరు.

అబద్ధం ఆడినందుకు క్షమించమని దేవుణ్ణి నేను అడుక్కుంటాను. ఈ కాగితం నీ పెట్టెలో ఉంచు, దానికి మాత్రం చూపించకు. ఆ చదువు పూర్తి చేయనీ.