సుమారు ముగ్గురు

కొత్త విమానాశ్రయం పక్క ఆఫీసులో ఉపేందర్ ఎగిరి గంతేశాడు. రాత్రి డ్యూటీ దిగేవాళ్లను ఇళ్లకు చేర్చే కార్ల లెక్క తేలింది! ‘దాదాపు’, ‘సుమారు’ లాంటి గోడమీది పిల్లి షరతులనూ లొంగదీసే సాఫ్ట్‌వేర్ లైబ్రరీ వాడాడు మరి, అందులో పుస్తకాలుండవు, ‘బగ్’లనే పురుగులుంటాయి!

“కారుకు సుమారు ముగ్గురు” అన్నది అతని షరతు. డ్రైవర్ కాలేబు కారుకు 3.4 మంది వచ్చారు. ఉపేందర్ నవ్వుకుని ఆ లెక్కను అలాగే పంపేశాడు.

కొత్వాల్‌గూడ నుంచి కాలేబు ఫోన్ చేశాడు.

“అన్నా, ముగ్గురినీ దించిన. గని ఎన్క సీట్ల ఇంకెవరో ఊపిరి తీస్తున్నరే!”

“అద్దంల చూడు!”

“సగం మనిషి గూడ లేడన్నా!”

తెరమీద మిగిలిన 0.4 కాస్తా 0.7 అయింది.

“కాలేబూ, దిగి ఉరుకు!”

తెరమీద 0.9. ఫోన్‌లో కాలేబుది కాని గొంతు పలికింది.

“జర ఆగన్నా, పూరా అయిత.”