బాయిలర్ గది క్యాసెట్

మార్చి తొమ్మిదిన మాస్టారు రెండు రొట్టెముక్కలు పాలలో ముంచుకుని తింటుంటే ఓ అమ్మాయి వచ్చింది. బట్టలు కుడుతుందట. సంచిలోంచి పాత క్యాసెట్ ఒకటి తీసింది.

"మా తాతయ్య మిల్లులో బాయిలర్ చూసేవాడు మాస్టారూ. అది పేలి ఆరుగురు పోయారు. తప్పు ఆయనదేనన్నారు. జైల్లోనే పోయాడు. బాయిలర్‌ని నడిపిన ప్రోగ్రాం ఇందులో ఉంది. లోపం దాన్లోనే ఉందని ఆయన మొత్తుకున్నా ఎవరూ వినలేదు."

మాస్టారు రొట్టె పళ్ళెం పక్కకు నెట్టేశారు.

"నానమ్మకి ఎనభై ఆరు. ఆవిడ కళ్ళు మూసేలోగా సంగతి తేలాలి. ఇది చదవడం నేర్పండి."

"ఇలా ఇవ్వు, నేనే చదివి పెడతాను."

"అమ్మో! ఎవరి చేతికీ ఇవ్వనని ఆవిడకి మాటిచ్చాను."

మాస్టారి గదిలో టీవీలకు తగిలించిన పాతకాలపు ఇంటి కంప్యూటర్లు నాలుగున్నాయి. సరదా ఉన్నవాళ్ళకు ఆదివారాలు నేర్పుతారు. ఈమెకు మాత్రం రోజూ సాయంత్రం నేర్పారు. కుట్టి కుట్టి నడుం పట్టేసిందంటే కుర్చీలో దిండు వేశారు.

"ప్రోగ్రాంలో పది తర్వాత ఇరవయ్యో లైనేమిటి మాస్టారూ? పదకొండు ఏం పాపం చేసింది?"

"మర్చిపోయిన లైను మధ్యలో ఇరికించాలంటే చోటుండాలిగా తల్లీ!"

అన్నీ నేర్పారు. క్యాసెట్లోంచి కంప్యూటర్లోకి ప్రోగ్రాం ఎక్కించే టేప్‌రికార్డర్‌ని మాత్రం ముట్టుకోనివ్వలేదు. "అది మొండిఘటం. నా మాటే వింటుంది" అనేవారు.

ఆరు వారాలకు ఆ అమ్మాయి ఏ ప్రోగ్రాం ఇచ్చినా తప్పెక్కడుందో వేలుపెట్టి చూపించసాగింది. మాస్టారికి అన్నం సయించడం మానేసింది.

"ఇవాళ క్యాసెట్ పెట్టేద్దాం" అందామె.

మాస్టారు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు.

"క్యాసెట్ అంచున చిన్న గుంట ఉంది చూడు. దాన్లోకి దుమ్ము పోతుంది, ఈ కాగితం అంటించు. ఊఁ. ఇప్పుడు ఎర్ర మీటా, పక్కనున్న నల్ల మీటా కలిపి నొక్కు."

టేపు తిరిగింది. తెర మీద ఏమీ రాలేదు.

"రావట్లేదేం మాస్టారూ?"

"ఓపిక పట్టమ్మా."

టేపు చివరికంటా తిరిగి టక్కున ఆగింది. మళ్ళీ మొదటికి తిప్పి విన్నారు. ప్రోగ్రాం ఉంటే వినిపించే కీచురొద లేదు. ఉత్త గాలి.

"నలభై ఏళ్ళ నాటి టేపు కదా. ఎప్పుడో పాడైపోయుంటుంది."

ఆమె చాలాసేపు ఏడ్చింది. "మీరు మాత్రం ఏం చేస్తారు లెండి. ఇంత కష్టపడి నేర్పారు, అదే పదివేలు" అని కళ్ళు తుడుచుకుని, ఇక దేనికీ పనికిరాదని క్యాసెట్ అక్కడే వదిలేసింది.

మెట్లు చీకటిగా ఉన్నాయని మాస్టారు కిందిదాకా లైటు చూపించారు.

ఆమె వీధి మలుపు తిరిగాక పైకి వచ్చి, నలభై ఏళ్ళ కిందట తను ఆ మిల్లుకు రాసిచ్చిన ప్రోగ్రాంలో ఒక్క లైనైనా మిగలకుండా, గుంట మూయించి నొక్కించిన ఆ ఎర్ర రికార్డింగు మీట తుడిచేసిందని ఇంకోసారి విని నిశ్చయించుకుని, చప్పుడు కాకుండా తలుపు వేసుకున్నారు.