రోజూ ఒక మాత్ర

"ఆ గడ్డ కరిగితే ఆపరేషన్ చేస్తారు కదండీ?" కూతురు ఆత్రంగా అడిగింది.

పక్క కుర్చీలో ఆమె తండ్రి ఉబ్బిన పొట్ట మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. షాపులకి బోర్డులు రాసే పెయింటరు.

"కరిగితేనే చేస్తాం," అంది డాక్టరమ్మ. "లివర్ గట్టిపడిపోయింది. దానికి రక్తం తీసుకెళ్ళే పెద్ద సిరలో గడ్డకట్టింది. ఆ దారి తెరుచుకుంటే నీ లివర్లో ముక్క తీసి ఈయనకి పెట్టొచ్చు. ఈ మాత్ర రోజూ వెయ్యి. రక్తం పల్చబడుతుంది కాబట్టి వాంతిలో ఎర్రగా కనిపిస్తే వెంటనే తీసుకురా."

"వెయ్యకపోతే?"

"గడ్డ పెరుగుతుంది."

"మరి దీనికేమీ కాదు కదండీ?" తండ్రి కూతురి వైపు చూపించాడు.

"చాలావరకు ఏమీ కాదు."

"చాలావరకు," అని ఆ మాటే గొణుక్కున్నాడు ఆయన.

మర్నాటి నుంచి కూతురు పొద్దున్నే మాత్ర ఆయన చేతిలో పెట్టి, నీళ్ళు అందించి, రంగుడబ్బాలతో పనికి బయల్దేరేది. ఆయన సగంలో ఆపిన బోర్డులు ఇప్పుడు ఆమే పూర్తి చేస్తోంది.

"మింగావా నాన్నా?" గుమ్మం దాటుతూ అడిగేది.

"గుటుక్కుమనిపించా. నువ్విస్తే చేదు కూడా తెలీదు," అని నవ్వించేవాడు.

నిచ్చెనెక్కినా ఆమె ప్రాణమంతా ఇంటి దగ్గరే. ఆయన దగ్గితే చాలు, రక్తం పడిందేమోనని పరిగెత్తుకొచ్చి చూసేది. వారానికోసారి పొట్ట చుట్టూ టేపు పెట్టి కొలిచేది. అంకె పెరగడమే తప్ప తగ్గింది లేదు. చేతిలో మందుంది, ఎదురుగా మనిషున్నాడు, అయినా కళ్ళముందే కరిగిపోతున్నాడు.

మొదటి స్కాన్‌లో గడ్డ అలాగే ఉంది. మూడో నెలకి పక్క సిరల్లోకీ పాకింది.

"మాత్ర సరిగ్గా వేస్తున్నావా?"

"ఒక్కరోజు కూడా మానలేదండీ."

డాక్టరమ్మ నిట్టూర్చింది. "కొందరికి పనిచెయ్యదు. ఇక ఆపరేషన్ కుదరదమ్మా."

కూతురు వరండాలో బెంచీ మీద కూలబడింది. "నాదే తప్పు నాన్నా. ఒకరోజు పని తొందరలో మర్చిపోయి మధ్యాహ్నం వేశాను. చేతులారా నేనే నిన్ను..." వెక్కిళ్ళతో మాట తెగిపోయింది.

తండ్రి ఆమె తల దగ్గరికి తీసుకున్నాడు. ఊరుకోబెట్టాలని చూశాడు. ఆమె ఊరుకోలేదు. వచ్చేపోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు. ఆమె "నాదే తప్పు, నాదే తప్పు" అంటూనే ఉంది. ఇక ఆయన వల్ల కాలేదు.

"నీ తప్పేం లేదు తల్లీ," అన్నాడు మెల్లగా.

"ఒక్క మాత్ర కూడా నేను మింగలేదు."