నాలుగో గుడ్డ

"ఆగు ఇజాజ్, బటన్ నొక్కకు," అన్నాడు శేఖర్.

ఎర్ర స్పోర్ట్స్ కారులో కూర్చున్న ఇజాజ్ వేలు స్టార్ట్ బటన్ మీదికి పోబోయి ఆగింది. శేఖర్ కారు వైపు చూడటం లేదు. స్టూలు మీదున్న స్టీలు ప్లేటును చూస్తున్నాడు. అందులో పెట్రోలు వాసన కొడుతున్న గుడ్డపీలికలు మూడున్నాయి. పొద్దున వాళ్లు ఇంజన్‌లో కుక్కినవి నాలుగు.

ఇంజన్‌కు గాలి అందించే గొట్టాల దిమ్మెను ఇన్‌టేక్ మానిఫోల్డ్ అంటారు. అది ఇంజన్‌కు ఆనుకునే చోట ఉండే పల్చటి గాస్కెట్ చెడిపోయి, గాలి లీకై, ఈ కారు మూడు వారాలుగా ఈల వేస్తూ వణుకుతోంది. గాస్కెట్ మార్చాలంటే మానిఫోల్డ్ విప్పాలి. విప్పితే ఇంజన్‌లోకి పోయే నాలుగు రంధ్రాలు నోళ్లు తెరుచుకుని ఉంటాయి. బోల్టో దుమ్మో పడకుండా వాటిలో గుడ్డలు కుక్కుతారు. బిగించే ముందు గుర్తు పెట్టుకుని తీసేస్తారు. మరిచిపోయి స్టార్ట్ చేశారా, గుడ్డను ఇంజన్ మింగుతుంది. ఇక దాని పని అంతే.

"నేను రెండు తీసిన. కడమ రెండు నువ్వు తీసినవ్ కదా?" అన్నాడు శేఖర్.

"నేను ఒక్కటే తీసిన అన్నా. మూడు నువ్వు తీసినవనుకున్న."

ఇద్దరు కలిసి చేసే పనుల్లో ఇదే తంటా.

రేపు ఇజాజ్ చెల్లెలు రుహీ నిఖా. అత్తగారి ఊరు నెక్కొండకు అన్న కారులోనే పోతానని ఆ పిల్ల పంతం పట్టింది. షెడ్డు ఎందుకు, మా ఇంటి ముందే చేసిపెడతానని మాటిచ్చింది మాత్రం పాలిటెక్నిక్‌లో వర్క్‌షాపు పాఠాలు చెప్పే శేఖరే. సుబేదారిలో ఇలాంటి కారు రోజూ కనపడదు కాబట్టి పొద్దున గల్లీ గల్లీ అంతా వచ్చి చూసిపోయింది. అంతమంది ముందు శేఖర్ కాస్త ఛాతీ విరుచుకుని పాఠం కూడా చెప్పాడు.

ఇప్పుడు ఆ ఛాతీనే నేలకు ఆనించి కారు కిందికి తొంగిచూశాడు.

అక్కడ ఏమీ దొరకలేదు. తర్వాత టూల్ బాక్సు, మురికినీళ్ల మోరీ, ఇద్దరి జేబులు వెతికారు. శేఖర్ భార్య వినోద పూలకుండీలు కూడా జరిపి చూసింది. ఎదురింటి కుక్క ఎత్తుకుపోయిందేమోనని ఇజాజ్ దాని వెనక కొంతదూరం పోయి వచ్చాడు. ఆ కుక్కకు ఏ పాపమూ తెలియదు.

"లోపలనే ఉందంటవా అన్నా?" అని మెల్లగా అడిగాడు ఇజాజ్.

ఉందో లేదో తెలియాలంటే మళ్లీ విప్పాలి. విప్పితే ఇప్పుడే గమ్ము పూసి బిగించిన కొత్త గాస్కెట్ చినుగుతుంది. అది పన్నెండు రోజులు ఎదురుచూస్తే ముంబై నుంచి వచ్చింది. రెండోది లేదు. విప్పకుండా స్టార్ట్ చేస్తే, గుడ్డ లోపల ఉంటే, ఇంజనే ఉండదు.

వినోదకు ఒక ఆలోచన వచ్చింది. అత్తమ్మను అడిగితే ఏమన్నా తెలుస్తుందేమో అంది. శేఖర్ తల్లి చిలుకమ్మ అన్నం తిని రెండు గల్లీల అవతలి సమ్మమ్మ ఇంటికి వెళ్లింది. ఫోన్ చేస్తే అది ఇంట్లో ఫ్రిజ్ మీద మోగింది. పది నిమిషాల్లో పోయి అడిగి వస్తానని వినోద చెప్పులు కూడా వేసుకుంది.

"అమ్మకు ఇంజన్ సంగతి ఏం తెలుసు?" అన్నాడు శేఖర్ విసుగ్గా. "ఆమె మానిఫోల్డ్ మొఖమన్న సూడలే. ఉన్న టైం ఖరాబ్ చెయ్యకు."

వినోద చెప్పులు విడిచేసింది. శేఖర్ స్పానర్ అందుకున్నాడు.

ఒక్కో బోల్టు ఊడుతుంటే ఇజాజ్ పక్కకు చూస్తూ నిలబడ్డాడు. మానిఫోల్డ్ కదిలించగానే కొత్త గాస్కెట్ మధ్యకు చర్రున చీలింది. ఆ చప్పుడుకు శేఖర్ ప్రాణం ఉసూరుమంది. అయినా గుడ్డ దొరికితే చాలు, ఇంజన్ బతికినట్టేనని సర్దిచెప్పుకుని, ఫోన్ లైటు వేసి మొదటి రంధ్రంలోకి తొంగిచూశాడు. ఏమీ లేదు. రెండోది, మూడోది ఖాళీ. నాలుగోదాంట్లో వంచిన తీగ పెట్టి తిప్పాడు. తీగ ఎలా పోయిందో అలాగే వచ్చింది.

"మరి గుడ్డ ఎటుపోయింది?" అన్నాడు ఇజాజ్.

అంతలో రుహీ ఫోన్ చేసింది. కారు అయ్యిందా, పూలవాళ్లను రమ్మననా అని అడుగుతోంది. అయితాంది అని చెప్పి ఇజాజ్ ఫోన్ పెట్టేశాడు. శేఖర్‌కు అతని మొహం చూసే ధైర్యం లేకపోయింది. చినిగిన గాస్కెట్ ఒళ్లో పెట్టుకుని సిగ్గుతో నేల మీద కూలబడ్డాడు.

గేటు తీసుకుని చిలుకమ్మ వచ్చింది. ఇంకా కాలేదా బిడ్డా అని అడిగింది. నాలుగు గుడ్డల్లో ఒకటి కనపడక ఇంతసేపు వెతుకుతున్నారని వినోదే చెప్పింది.

"దాని కోసమా?" అంటూ చిలుకమ్మ కొడుకు పక్కన కూర్చుని వీపు నిమిరింది. "పొద్దుగాల గల్లీల ఉన్నోళ్ల కండ్లన్ని దీని మీదనే ఉండె. మీరు బువ్వ తింటాంటే నేనే అండ్లకెళ్లి ఒక గుడ్డ తీసి, బండి సుట్టు మూడుసార్లు తిప్పి, గేటు ముంగట కాల్చిన. ఎంత దిష్టి ఉండెనో ఏమో బిడ్డా, అగ్గి సూపియ్యంగనే భగ్గుమన్నది."