బాత్రూం చెప్పిన మగమనిషి

ఇప్పుడు అందరిళ్లలో లాగే మా బాత్రూం కూడా రోజూ మా మూత్రం పరీక్షించి, మూడు నెలలకోసారి ఆరోగ్యం ఎలా ఉందో చెబుతుంది. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. ఓ పొద్దున అది, "మూడు నెలలుగా మీ ఇంట్లో ఓ కొత్త మగమనిషి ఉంటున్నాడు. ఆరోగ్యం బాగుంది," అంది.

మా ఆయన ఇడ్లీ ప్లేటు పక్కకి నెట్టేశారు. "ఎవరే వాడు?"

"నాకేం తెలుసు? దాన్నే అడగండి."

"మరి మా హైమావతి సంగతేంటి?" అని నా గురించి దాన్నడిగారు.

"ఆవిడ మూడు నెలలుగా రావడం లేదు."

ఆయన నావైపు అదోలా చూశారు. "అందుకేనా, తలుపేసుకుని అంతంతసేపు అద్దం ముందు ఉంటున్నావు?"

గడ్డం మీద మొలుస్తున్న వెంట్రుకలు పీక్కుంటున్నానని ఎలా చెప్పను? గొంతు బొంగురుపోతే జలుబనే చెప్పాను. అప్పుడు తట్టింది. ఆ మగమనిషిని నేనే. తిన్నగా ఆస్పత్రికి వెళ్లాను.

"అండాశయంలో కణితి ఉందమ్మా. చాలా అరుదైన క్యాన్సర్. మగ హార్మోన్లు వదులుతోంది," అంది డాక్టరమ్మ. "మీ బాత్రూం మిమ్మల్ని మగవాడనుకుని, బాగుందనేసింది."

ఆపరేషన్ చేసి తీసేశారు. ఇప్పుడు మా ఆయన రోజూ పొద్దున్నే బాత్రూం గుమ్మంలో నిలబడి, "వాడు మళ్లీ రాలేదు కదా?" అని అడుగుతారు. రాలేదంటుంది అది.

నేను మాత్రం ముందు నా గడ్డం తడిమి చూసుకుంటాను.