జిలేబీ చీటీలు

“మీ ఇంటాయన తెచ్చిన మిషనే మేలని నువ్వు రాసిస్తే ఊరు నవ్వతాదమ్మా,” అన్నాడు చెంగల్రాయలు.

పవిత్ర చేతిలోని కాగితం మడిచేసింది. గుడియాత్తంలో ఆయనది ఇళ్ళు కట్టే కంపెనీ. అక్కడ కంప్యూటర్లు చూసుకునేది ఆమే. కొత్త సర్వర్ కావాలంటే రెండు వచ్చి కూర్చున్నాయి. ఒకటి ఆర్కాడు నుంచి విజయకుమార్ తెచ్చింది. రెండోది వేలూరులో చిన్న షాపు నడుపుతున్న దినకర్ తెచ్చింది. దినకర్‌కూ ఆమెకూ పెళ్ళయి నలభై రోజులు. ఈ ఆర్డరూ, దాని వెంట వచ్చే మూడేళ్ళ మరమ్మతు పనీ దొరికితే షాపు నిలబడుతుంది. లేదంటే సోమవారం అతను చెన్నైలోని పాత ఉద్యోగానికి వెళ్ళిపోవాలి. ఆ తర్వాత ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకునేది ఆదివారాలే.

“కాగితం మీద రెండూ ఒకటే సార్,” అంది పవిత్ర. “ప్రాసెసర్లు వేరే వేరే కంపెనీలవి, అంతే. రెండిట్లోనూ ముప్పైరెండు కోర్లే. వేగం సమానం, మెమరీ సమానం, ధర కూడా ఇంచుమించు ఒకటే.”

“అయితే మా తాత పొలం పంచినట్టు చేద్దాం. ఏ పాలు తనదో పంచేవానికి తెలియకూడదు అనేవాడాయన. మిషన్లు రెండూ లోపలి గదిలో పెట్టు. తెరలు మాత్రం ఇక్కడ. ఏది ఎవరిదో నీకొక్కదానికే తెలియాల. పరీక్ష పెట్టి తీర్పు చెప్పేది మీ ఆయన.”

ఎదురుగా కూర్చున్న విజయకుమార్ నవ్వాడు. “తన మిషన్ ఏదో తెలియకుండా తనే జడ్జా? రొంబ బాగుండాది సార్. నాకు సమ్మతమే.”

పవిత్ర లోపలి గదిలో కేబుళ్ళు తగిలించి వచ్చి, తాను తికమక పడకుండా రెండు చీటీలు రాసి తెరల మూలల్లో అంటించింది. ఎడమ తెర మీద ‘మనది’. కుడి తెర మీద ‘వాళ్ళది’. ఆ ఆఫీసులో తెలుగు మాట్లాడేవాళ్ళకు కొదవ లేదు; అందరూ తమిళ బడుల్లో చదివినవాళ్ళు కాబట్టి, చదవగలిగింది మాత్రం పలమనేరు పిల్ల తనొక్కతే. ‘మనది’ అని రాసేటప్పుడు ఎందుకో ఊరికే నవ్వొచ్చింది.

దినకర్‌కూ తెలుగు చదవడం రాదన్న ధైర్యంతోనే ఆమె రోజూ అతని క్యారియర్‌లో ఒక చీటీ పెట్టేది. ఏం రాసినావని సాయంత్రం అతను అడిగితే, “కూరలో ఉప్పు తక్కువని,” అనేది.

దినకర్ పనిముట్ల సంచి భుజాన వేసుకుని వచ్చాడు. తెరలు చూశాడు, చీటీలు చూశాడు. “ఏం పవీ, ఇక్కడ కూడా నీ తెలుగు జిలేబీలు చుట్టినావా?”

“నా గుర్తుకు. మీరు పని చూడండి.”

ముందు ఒక నాలుగంతస్తుల ఇంటి ప్లాను రెండు మిషన్లకూ ఇచ్చాడు. కట్టకముందే ఇల్లు ఎట్లా ఉంటుందో చూపే రంగుల బొమ్మ తయారు కావాలి. ఎడమది పదకొండు నిమిషాల్లో ముగించింది. కుడిదానికి పద్నాలుగు పట్టింది. పవిత్రకు వేలూరు బాగాయంలోని తమ అద్దె ఇల్లూ, దాని మేడమీద ఇద్దరూ తాగే సాయంత్రం కాఫీ కళ్ళముందు మెదిలాయి.

“తేలిపోయినట్టేనా నాయనా?” అన్నాడు చెంగల్రాయలు.

దినకర్ ఎడమ తెర వైపు కాసేపు చూశాడు. “ఇంకా లేదు సార్. మీ దగ్గర డ్రాయింగు వేసేవాళ్ళు ఎనిమిది మంది కదా. అందరూ ఒకేసారి పని చెప్తే ఏమవతాదో చూడాల.”

“ఇంకెందుకు? పొద్దుపోతాది,” అంది పవిత్ర. గట్టిగా దగ్గింది కూడా.

దినకర్ ఆమెకు మంచినీళ్ళ సీసా అందించాడు.

ఎనిమిది మందీ ఒకేసారి పని అప్పజెప్పారు. ఎడమది మొదట్లో ఉరికింది. పావుగంటకు వేడెక్కి నిదానించింది. దాని ఫ్యాన్ల రొద తలుపు దాటి వినిపించింది. కుడిది మొదలుపెట్టిన నడకతోనే సాగి, ఎడమదాని కన్నా ఇరవై నిమిషాలు ముందే ముగించింది. మీటరు చూస్తే కరెంటు కూడా అదే తక్కువ తాగింది.

“ఒక్క గోడకైతే ఎడమది మంచి మేస్త్రీ సార్,” అన్నాడు దినకర్. “ఎనిమిది గోడలిస్తే ఎండకు కూలబడతాది. కుడిది పొద్దుగూకేదాకా ఒకటే తీరు. ఇదే ధరకు మీకు గిట్టుబాటయ్యేది కుడిదే.”

“అది ఎవరిదమ్మా?”

పవిత్ర కుడి తెర మీది చీటీ ఊడదీసింది. “విజయకుమార్ సారుది.”

విజయకుమార్ లేచి వచ్చి దినకర్ చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు.

సాయంత్రం ఇద్దరూ బండి మీద వేలూరుకు తిరిగొస్తూ పల్లికొండ దాటారు.

“సోమవారం బస్సుకా, రైలుకా?” అంది పవిత్ర.

“రైలుకే.”

“ఆ ఎనిమిది మంది పరీక్ష ఎవరడిగినారు మిమ్మల్ని? తెలియక మన మిషన్‌ను మీరే ఓడించినారు.”

చినుకులు పడ్డాయి. దినకర్ బండిని ఒక టీకొట్టు పంచన ఆపాడు. “సంచిలో రెయిన్‌కోటు ఉండాది, తీయి.”

రెయిన్‌కోటు కింద ఒక పుస్తకం తగిలింది. ఒకటో తరగతి తెలుగు వాచకం. అంచులు నలిగిపోయి ఉన్నాయి. తెరిస్తే పేజీకొకటి చొప్పున ఆమె క్యారియర్‌లో పెట్టిన చీటీలు. ఒక్కోదాని కింద, పిల్లల చేతిరాతలా, అదే వాక్యం పెన్సిలుతో దిద్ది ఉంది. పవిత్ర చెవులు వేడెక్కాయి. వాటిలో ఒక్కదాంట్లోనూ ఉప్పు ఊసు లేదు.

“ఇవన్నీ... చదివినారా?”

“వారం నుంచి కూడబలుక్కోకుండానే చదవతా ఉండా. చెన్నై నుంచి జవాబు రాయాల కదా.”

ఆమె చివరి పేజీ తిప్పింది. ఎడమ తెర మీది ‘మనది’ చీటీ అక్కడ అంటించి ఉంది.

“అయితే ఇది?”

“రాంగానే చదివినా,” అన్నాడు దినకర్. “మనదని తెలిసిపోయినాక, ఇంకో పరీక్ష పెట్టకుండా తీర్పు ఎట్ల చెప్పేది పవీ?”