ఎడమ కొమ్ము దీపం

చంద్రుడి మీద గనుల్లో పనికెళ్లిన వాళ్ల ఇళ్లు గాజువాక నిండా ఉన్నాయి. ప్రతి డాబా మీదా ఒక అద్దాల టెలిస్కోపు ఉంటుంది. ప్రవల్లిక టెలిస్కోపులో అద్దం మసకబారితే, కడగడానికి సాయంత్రం మెకానిక్ అప్పలకొండ వచ్చాడు. అతను అద్దం బిగించేసరికి పడమట నెలవంక కనబడింది. ఆమె గబుక్కున గొట్టం మూత మీద చెయ్యి వేసింది.

"ఆగండమ్మా! పొద్దు గుంకేదాకా మూత తియ్యకండి. ఈ అద్దం ఎండనంతా ఒక్కచోటికి లాగుతాది. పొరపాట్న సూర్యుడు పడ్డాడంటే కన్ను పోతాది."

ఆమె పిట్టగోడ మీద కూర్చుంది. "ఎడమ కొమ్ము దగ్గర దీపం మా ఆయన వాళ్ల గనిది. నెలవంక రోజుల్లో నాకోసం ఒకసారి ఆర్పి వెలిగిస్తానన్నారు. ఒక్కనాడూ ఆర్పలేదు. ఆర్పుతున్నానని అబద్ధమాడితే తిట్టిపోశాను. అప్పట్నుంచి ఆయన నా ఫోనెత్తడం లేదు."

"గొట్టంలో ఎడమ పక్కే చూస్తన్నారా?"

"అవును."

అప్పలకొండ దూది పక్కన పెట్టాడు. "అద్దాల గొట్టం బొమ్మని తిరగేసి చూపిస్తాదమ్మా. కంటికి ఎడమనున్నది అందులో కుడి పక్కనుంటాది. మీరు చూస్తన్నది యంత్రాల గని. అక్కడ మనుషులుండరు."

ఇన్నాళ్లూ కంచం ఒళ్లో పెట్టుకుని, ముద్దకోసారి ఆ దీపాన్ని చూసుకుంటూ తినేది.

పొద్దు గుంకాక అతను మూత తీసిచ్చి వెళ్లిపోయాడు. కుడి కొమ్ము దగ్గర చిన్న దీపం వెలుగుతోంది. నెలవంక మేడల వెనక్కి దిగేదాకా ఆమె కన్ను తియ్యలేదు. దీపం ఆరలేదు.

ఆమె మెట్ల దగ్గరికి వెళ్లి డాబా బల్బు వెలిగించింది, ఆర్పింది, మళ్లీ వెలిగించింది. అంత దూరానికి అది కనబడదని ఆమెకు తెలుసు.